పేరాలో లేని బావి

నాకు భయాలెక్కువ. ఈ సంగతి ముందే చెప్పుకోవడం మంచిది. లేకపోతే చదివేవాళ్ళు నేనేదో సాహసం చేశాననుకునే ప్రమాదం ఉంది. బస్సు మలుపు తిరిగితే చాలు, ముందు సీటు కడ్డీ పట్టుకుంటాను. వేళకాని వేళ ఫోన్ మోగితే ఎవరికో ఏదో అయిందనే అనుకుంటాను. పదమూడేళ్ళుగా తెలుగు పాఠాలు చెప్తున్నా, హెడ్మాస్టరు గదిలోంచి పిలుపొస్తే ఇప్పటికీ ఏం తప్పు చేశానా అని వెతుక్కుంటాను. స్టాఫ్‌రూములో నన్ను బెదురుగొడ్డు అని ఏడిపించేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే ఇంకా ఏడిపిస్తారని భయం.

అప్పుడు నా కాపురం కళ్యాణదుర్గంలో. పని చేసేది బెళుగుప్ప దాటాక లోపలికి ఉన్న ఒక ఊరి హైస్కూల్లో. బెళుగుప్ప దాకా బస్సు, అక్కడి నుంచి షేర్ ఆటో. దారి పొడుగునా వేరుశనగ పీకేసిన చేలు, ఎర్రమట్టి, అక్కడక్కడ నీళ్ళు పడక వదిలేసిన బోర్ల పైపులు. మార్చి సగంలోనే ఎండలు మండిపోతుంటే ఒంటిపూట బడులు పెట్టేశారు. పొద్దున్నే ఆరింటికల్లా నేను బస్సెక్కాలి.

ఆ నెల్లోనే జిల్లా నుంచి తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. తొమ్మిదో తరగతి పిల్లలకు వాళ్ళెప్పుడూ చూడని పేరా ఒకటి ఇచ్చి, కింద ప్రశ్నలకు జవాబులు రాయిస్తారట. అంతకుముందు ఏడాది ఇదే పరీక్షలో మా బడి మండలంలో అందరికంటే కింద నిలిచింది. హెడ్మాస్టరు ఆ ఏడాదే రిటైరవుతున్నాడు. నన్ను గదిలోకి పిలిచాడు.

"ఏమ్మా, పోయేముందు నాకీ చెడ్డపేరు అవసరమా? పిల్లోళ్ళు చదువుతాండారు, రాస్తాండారు. మార్కులు మాత్రం రాలేదు. ఏమి నేర్పిస్తాండావు నువ్వు?"

కేకలేసినా బాగుండేది. మెల్లగా అడిగాడు.

మా పిల్లలకు చదవడం రాక కాదు. గడగడా చదివేస్తారు. కానీ వాళ్ళకొక ఉపాయం అలవాటైపోయింది. ప్రశ్నలో ఉన్న మాట పేరాలో ఎక్కడుందో వెతకడం, ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు దించేయడం. ఒకసారి 'రాజు ఎందుకు దుఃఖించాడు?' అన్న ప్రశ్నకు సగం తరగతి 'రాజుకు ఇద్దరు భార్యలు' అని రాసింది. రాజు అనే మాట పేరాలో మొదట వచ్చింది అక్కడే మరి. సైన్సు సారు ఆ కాగితాలు చూసి, "మార్కులెయ్యి మేడం, పిల్లోళ్ళకు లోకజ్ఞానం ఉండాది" అని పడీ పడీ నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. ఆ ఉపాయం నేర్పింది నేనే. పదో తరగతిలో వెనకబడ్డవాళ్ళు ఎట్లాగో గట్టెక్కాలని, 'ప్రశ్నలో మాట పట్టుకో, ఆ లైను ఎత్తి రాయి' అని ఏళ్ళ తరబడి చెప్పాను. అది తొమ్మిదికీ ఎనిమిదికీ పాకిపోయింది.

అందుకని మళ్ళీ మొదటికొచ్చి, ప్రశ్నల్లో రకాలుంటాయని చెప్పడం మొదలుపెట్టాను. శిక్షణ పుస్తకాల్లోని పెద్ద పెద్ద పేర్లు చెప్తే వాళ్ళకు నిద్రొస్తుంది. మేమే పేర్లు పెట్టుకున్నాం. జవాబు ఒకే చోట ఉండి, దాని మీద వేలు పెట్టి చూపించగలిగితే అది వేలు ప్రశ్న. రెండు చోట్ల ఉన్న ముక్కలు కలిపితే గానీ జవాబు రాకపోతే అది జోడు ప్రశ్న. ఎక్కడా రాసి ఉండదు, అయినా చదివినవాడికి తెలుస్తుంది, అది లోపలి ప్రశ్న. 'నువ్వైతే ఏం చేస్తావు?' అని అడిగేది సొంత ప్రశ్న.

లోపలి ప్రశ్న దగ్గర చాలా తిప్పలు పడ్డాం. "ఒకడు బడి నుంచి ఇంటికి పోయేసరికి పొయ్యి చల్లగా ఉంది, అమ్మ పడుకుని ఉంది. మీకేం తెలిసింది?" అని అడిగాను. అమ్మకు జ్వరమని చెప్తారనుకున్నాను. వెనక బెంచీలోంచి ఒకడు లేచి, "అన్నం లేదని తెలిసింది మేడం" అన్నాడు. ఆ రోజు వాళ్ళు నాకంటే బాగా చదువుతున్నారనిపించి సంతోషపడ్డాను. భయస్తురాలినైనా పాఠం చెప్పడంలో నాకు కొంచెం గర్వం ఉండేది. దాచుకోవడం ఎందుకు.

సొంత ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి నా భయం అడ్డం తిరిగింది. వచ్చేవాళ్ళు హడావిడిగా దిద్దుతారు, పేరాలోని మాటలు కనిపిస్తేనే మార్కులేస్తారు అని నాకు నేనే అనేసుకున్నాను. ఎవరూ అట్లా చెప్పలేదు. "సొంత ప్రశ్నయినా సరే, పేరా దాటి పోవద్దు. పేరాలో లేనిది మీ జవాబులోకి రాకూడదు. నేను అడిగితే వేలు పెట్టి చూపించాల" అని కట్టడి చేశాను. దాంతో ఏ జవాబు చెప్పినా వేలు పెట్టి చూపించడం మా తరగతిలో ఆనవాయితీ అయిపోయింది. నేను అడగకముందే వాళ్ళలో వాళ్ళే 'వేలు పెట్టు, వేలు పెట్టు' అని అరుచుకునేవాళ్ళు.

తనిఖీ రేపనగా ఆఖరిసారి ఒక పరీక్ష పెట్టాను. పాఠ్యపుస్తకంలోని ఓడలూ సముద్రాలూ మా పిల్లలకు ఎక్కవని పేరా నేనే రాశాను. ఇదీ ఆ పేరా:

'ఒక ఊరిలో అవ్వ ఉంది. ఆమెకు రెండు గొర్రెపిల్లలు ఉన్నాయి. ఊరి కొళాయికి ఐదు రోజులకొకసారి నీళ్ళు వస్తాయి. ఐదో రోజు అవ్వ బిందె తీసుకుని కొళాయి దగ్గరికి వెళ్ళింది. సాయంత్రం దాకా నిలబడినా నీళ్ళు రాలేదు. అవ్వ ఇంటికి వచ్చి, చెంబులో మిగిలిన నీళ్ళు పిల్లలకు పోసి, తాను పడుకుంది.'

అవ్వ దగ్గర ఎన్ని గొర్రెపిల్లలున్నాయి అనేది వేలు ప్రశ్న. అవ్వ ఐదో రోజే ఎందుకు వెళ్ళింది అనేది జోడు ప్రశ్న. ఆ రోజు అవ్వ నీళ్ళు తాగిందా, నీకెలా తెలుసు అనేది లోపలిది. ఆ ఇంట్లో నువ్వుంటే ఏం చేస్తావు అనేది సొంతది.

పుస్తకాలన్నీ ఆ పూటే గబగబా దిద్దాను. దిద్దేటప్పుడు నేను చదవడం లేదని అప్పుడు నాకు తెలియదు. నా కళ్ళు గొర్రెపిల్లలు, కొళాయి, బిందె, చెంబు అనే మాటల కోసం వెతుకుతున్నాయి. కనిపిస్తే టిక్కు, లేకపోతే గీత. చాలామంది 'నేనైతే పక్కింట్లో చెంబు నీళ్ళు అడుగుతాను', 'కొళాయి దగ్గర ఇంకాసేపు ఉంటాను' అని బుద్ధిగా రాశారు.

ఒక పిల్ల మాత్రం బావి అని రాసింది. గొర్రెల కాపర్ల ఇంటి పిల్ల. సన్నగా, ఎప్పుడూ నిద్ర చాలనట్టు ఉండేది. ఆ పిల్ల తల్లీ తండ్రీ వేసవి రాగానే మందను తోలుకుని బళ్ళారి పక్క మాగాణి పొలాలకు మేపుకు పోతారు. అంత దూరం నడవలేని పసి గొర్రెపిల్లలు ఇంటి దగ్గరే ఉంటాయి. వాటిని సాకడానికి ఈ పిల్లా, ముసలి అవ్వా ఊళ్ళో మిగులుతారు. ఇదంతా నాకు తెలుసు. తెలిసే గొర్రెపిల్లల మీద పేరా రాశాను.

సొంత ప్రశ్నకు ఆ పిల్ల రాసిన జవాబు మీద అడ్డంగా ఎర్ర గీత కొట్టి, పక్కన 'పేరాలో బావి లేదు' అని రాశాను. 'పొద్దన్నే' అని రాస్తే 'పొద్దున్నే' అని దిద్దాను కూడా.

చివరి పీరియడ్‌లో తప్పులు చెప్తూ ఆ పిల్లను లేపాను. "బావి యాడుందే? వేలు పెట్టు."

ఆ పిల్ల పేరా వైపు చూసింది. నా వైపు చూసింది. తర్వాత చెయ్యెత్తి, వేలితో కిటికీ బయటికి, కొండ వైపు చూపించింది. తరగతి మొత్తం గొల్లుమంది. నాకు ఒళ్ళు మండింది.

"నాతో ఎకసక్కేలా? రేపు ఆ సార్లు అడిగినా కిటికీ చూపిస్తావా?"

"లేదు మేడం" అని కూర్చుంది. తల మళ్ళీ ఎత్తలేదు. తనిఖీ బృందానికి చూపించడానికని పుస్తకాలన్నీ నేను సంచిలో వేసుకుని ఇంటికి పోయాను.

మర్నాడు పొద్దున బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. వచ్చేవాళ్ళకు మొదట చూపించాల్సిన మంచి పుస్తకాలు ఏరుదామని సంచి విప్పాను. ఆ పిల్ల పుస్తకం పైకొచ్చింది. ఇది చూస్తే ఏమంటారో అని, వాళ్ళ కళ్ళతో ఒకసారి చదివాను. బాయి, పొద్దన్నే, అన్నీ ఇంట్లో మాటలే, ఇవి కూడా నేర్పలేదా అంటారేమోననిపించింది. పక్కన పెట్టబోయి, ఎందుకో ఇంకోసారి చదివాను.

'నేనైతే బాయిలోకి దిగి నీళ్ళు తెస్తా. రోజూ పొద్దన్నే పోతా. బాయిలో మూడు మెట్లు లేవు. దిగేటప్పుడు పావురాలు లేస్తాయి. నిన్న ఇంకో మెట్టు కదిలింది. చెప్పు లోపల పడిపోయింది. అవ్వకు తెలీదు. నాకు భయమైతాది.'

నిన్న అని ఉంది. ఊహించి రాసేవాళ్ళకు నిన్న ఎక్కడి నుంచి వస్తుంది? ఊహించిన బావిలో సరిగ్గా మూడే మెట్లు ఎందుకు లేకుండా పోతాయి?

నిన్న ఆ పిల్ల నిలబడినప్పుడు కాళ్ళకు చెప్పులున్నాయా అని గుర్తు తెచ్చుకోబోయాను. గుర్తు రాలేదు. ఏడాదంతా రోజూ చూసిన పిల్ల. చెయ్యెత్తి కొండను చూపించడం మాత్రం కళ్ళముందు అట్లాగే నిలబడింది. రోజూ పొద్దున్నే పోతానంది. అంటే ఈ పొద్దు కూడా పోయి ఉంటుంది. టైము చూశాను. ఏడు కూడా కాలేదు. బస్సు ఊరూరా ఆగుతోంది.

హెడ్మాస్టరుకు ఫోన్ చేశాను. మూడోసారికి ఎత్తి, "పిల్లోళ్ళు వస్తాండారు, ముగ్గులు ఏస్తాండారు, నువ్వు బిరీన రా తల్లీ" అని, నేను నోరు తెరిచేలోపే పెట్టేశాడు. ఆ పిల్ల ఇంట్లో ఎవరి నంబరూ నా దగ్గర లేదు.

బెళుగుప్పలో ఆటో నిండాలని డ్రైవరు నిలబెట్టుకుని ఉన్నాడు. రోజూ మమ్మల్ని తోలే మనిషే. "అన్నా, నిండకపోయినా పోదాం పదన్నా" అన్నాను.

"ఏమ్ మేడం, తనికీ అంట కదా? మీకు బయం పట్టుకున్యాదిలే" అని నవ్వుతూ స్టార్ట్ చేశాడు.

బడి చేరేసరికి ప్రార్థన నడుస్తోంది. తొమ్మిదో తరగతి వరుసలో ఆ పిల్ల లేదు. ఆలస్యంగా వస్తుందేమోనని గేటు వైపే చూస్తూ నిలబడ్డాను. ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. చూస్తూ నిలబడి ఊరుకోలేదు. లోపలికి పోయి పుస్తకాలు బల్ల మీద వరసగా సర్దాను. ఆ పిల్ల పుస్తకాన్ని అన్నిటికంటే అడుగున పెట్టాను, వచ్చినవాళ్ళ కంట పడకుండా. ఆ పిల్ల కోసం భయపడుతూనే ఆ పని చేశాను. రెండు భయాలూ ఒకేసారి మనిషిలో ఉంటాయి. చిన్నదే ముందు చేతులాడిస్తుంది.

హాజరు పిలిచారు. ఆ పిల్ల పేరుకు ఎవరూ పలకలేదు. అప్పుడు అడుగు నుంచి పుస్తకం లాక్కుని హెడ్మాస్టరు దగ్గరికి పోయాను.

"సార్, ఒక పిల్ల రాలేదు. వాళ్ళ ఇంటికి పోయొస్తా."

"ఇప్పుడా? వాళ్ళు బెళుగుప్ప దాటినారంట. గొర్లోళ్ళ పిల్ల, రోజు మార్చి రోజు వస్తాది. మధ్యాన్నం చూద్దాం లేమ్మా."

"లేదు సార్. పోతాండా."

ఆయన ముఖం చూడకుండానే నడిచాను. వెనక నుంచి "ఏమ్మా, ఏమ్మా" అంటున్నాడు. ఆ పిలుపుకు ఆగకపోవడం నా ఉద్యోగంలో అదే మొదలు. గేటు బయట డ్రైవరు ఇంకా పోలేదు. ఎక్కి కూర్చుని, గొర్లోళ్ళ వీధికి పోనిమ్మన్నాను.

ఇంటి ముందు కంపతో కట్టిన చిన్న దొడ్డి. అందులో నాలుగు గొర్రెపిల్లలు ఒకదాన్నొకటి తోసుకుంటూ అరుస్తున్నాయి. అవ్వ గడప మీద కూర్చుని ఉంది.

"ఏమమ్మా, ఇట్లొచ్చినావు? పిల్ల బడికి రాలేదా?"

"పొద్దున నీళ్ళకు పోయిందా అవ్వా?"

"తోట బోరు కాడికి పోయినాది, సత్తుబిందె తీసుకోని. రోజూ ఆడే తెస్తాది. ఆలిస్యమైంటే అట్నే బడికి పోయింటాదిలే."

అవ్వ వెనక గోడకు మేకు ఉంది. మేకుకు బడి సంచి వేలాడుతోంది. ఆ పిల్ల బడికి రావాలని బయల్దేరలేదు, నీళ్ళు తీసుకుని ఇంటికి తిరిగి రాలేదు. అవ్వకు చెప్పకూడదనిపించింది. చెప్పాక కుప్పకూలితే నేనేం చేయాలో నాకు తెలియదు.

"అవ్వా, ఈ ఊర్లో పాతబాయిలు ఎన్నుండాయి?"

"బాయిలకేం కరువమ్మా? నీళ్ళకే కరువు. అందురూ బోర్లేసుకోని బాయిల్ని ఇడ్సిపెట్టినారు."

పుస్తకం విప్పాను. ఒక్కొక్క వాక్యం మీద వేలు పెట్టుకుంటూ అడిగాను. "మెట్లుండేటివి ఎన్ని?"

"చెరువు పక్కది ఒగటి, కొండ కిందిది ఒగటి. తక్కినవాటికి మెట్లు యాడుండాయి?"

"పావురాలు దేంట్లో ఉంటాయి?"

"కొండ కింది దాంట్లో. చెరువు పక్క బాయిని సగం పూడ్సేసినారు కదా. కొండ కిందిది మా మామ తవ్విచ్చిన బాయి. సందుల్లో అన్నీ పావురాలే. మెట్లు గూడా పడిపోయినాయి ఆడ." అంతదాకా చెప్పి ఆగింది. "ఎందుకమ్మా ఇయ్యన్నీ అడుగుతాండావు?"

నేను పుస్తకం మూశాను. అవ్వ నా ముఖం చూసింది. గోడ పట్టుకుని లేచి, చేతికర్ర కోసం తడుముకుంది.

అవ్వను కూడా ఎక్కించుకుని పోయాం. డ్రైవరుకు సంగతి చెప్పాను. నవ్వే మనిషి నవ్వలేదు, గతుకులు చూసుకోలేదు. దారి అయిపోయిన చోట ఆటో ఆపి, పైన సామాన్లు కట్టే మోకు విప్పుకుని పరిగెత్తాడు. నేను వెనక. అవ్వను రావద్దంటే వినలేదు.

బావి ఒడ్డున ఒక చెప్పు ఉంది. ఒకటే. దాని పక్కన తాడు, ఒక కొస లోపలికి దిగి ఉంది. ఆ బావుల సంగతి తెలిసినవాళ్ళకు తెలుస్తుంది. చుట్టూ రాతి కట్టడం, గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన రాతి పలకలే మెట్లు, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. నీళ్ళుండే కాలంలో జారినా ఈదుకుంటారు. ఇప్పుడు అడుగున బండలే.

నాకు అంచు దగ్గరికి పోవాలంటే చేతకాలేదు. నేల మీద బోర్లా పడుకుని, పాకుతూ పోయి తల లోపలికి పెట్టాను. పావురాలు ఒక్కసారి రెక్కలు కొట్టుకుంటూ పైకి లేచాయి. అరిచాను. పావురాలకు జడిసి అరిచానో, ఆ పిల్లను పిలిచానో తెలియదు. లోపల అంతా నీడ. మళ్ళీ పేరు పెట్టి పిలిచాను. నా గొంతే తిరిగొచ్చింది. ఏమీ లేదు. దేవుడా, ఇట్లా కానీయొద్దు అని మొక్కుకున్నాను. ఆ పుస్తకం మీద నేను కొట్టిన గీత తప్ప నాకు ఇంకేమీ గుర్తు రాలేదు.

అప్పుడు కింద నుంచి చప్పుడైంది. లోహం మీద రాయితో కొట్టినట్టు. ఒకసారి, కొంచెం ఆగి ఇంకోసారి.

"సత్తుబిందె!" అంది అవ్వ నా వెనక నుంచి.

డ్రైవరు ఊళ్ళోకి ఫోన్ చేశాడు. వాళ్ళొచ్చేదాకా ఆగలేదు. మోకును కానుగ చెట్టు మొదలు చుట్టూ తిప్పి, ఒక కొస నడుముకు కట్టుకుని, ఇంకో కొస నాకిచ్చి, "మేడం, బయపడితే పడండి, వదలొద్దండి" అని దిగాడు. నేను భయపడుతూనే పట్టుకున్నాను. అరచేతుల్లో తోలు లేచిపోయింది. మెట్లు లేని చోట ఆయన కాలు గాల్లో తడుముకోవడం కనిపించింది.

పిల్ల బతికే ఉంది. కదులుతున్న మెట్టు ఆ పొద్దు పిల్లతో సహా ఊడిపోయింది. కుడికాలు విరిగింది. తెల్లారింది మొదలు అరిచి అరిచి గొంతు పోయింది. పక్కన పళ్ళెమంత గుంటలో ఊట నీళ్ళున్నాయి. తోట బోరు ఎండిపోయాక అవే దిక్కట. బిందె మునిగేంత లోతు లేదు గనక, దిగి చెంబుతో తోడి బిందెలో పోసి, పైకెక్కి తాడుతో లాక్కునేదట. ఊరి నుంచి నలుగురొచ్చాక దుప్పట్లో కట్టి పైకి తీశారు. పైకి రాగానే ఆ పిల్ల అవ్వ వైపు చూడలేదు, నా వైపు చూసింది. చూసి, కళ్ళు మూసుకుంది. కొడతాననుకుందేమో.

కళ్యాణదుర్గం ఆస్పత్రికి చేర్చేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. నా ఫోన్లో హెడ్మాస్టరు కాల్స్ వరసగా ఉన్నాయి. ఒక్కదానికీ జవాబియ్యలేదు. సాయంత్రం ఆయనే వచ్చాడు, సంచిలో బత్తాయిలు వేసుకుని. నన్నేమీ అనలేదు. మంచం పక్కన నిలబడి, "పరీచ్చ రాసినారు పిల్లోళ్ళు. బాగనే రాసినారు" అన్నాడు. మళ్ళీ, "సొంత ప్రశ్నకు అందురూ ఒగటే జవాబు రాసినారని నవ్వినారమ్మా వాళ్ళు" అన్నాడు. ఇంకోరోజైతే ఆ మాటకు నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఆ రోజు వినపడిందంతే.

రెండో రోజు మధ్యాహ్నం మళ్ళీ ఆస్పత్రికి పోయాను. తండ్రి బళ్ళారి పక్క నుంచి బయల్దేరాడన్నారు. అవ్వ బయట వరండాలో కునుకు తీస్తోంది. పిల్ల కాలికి పిండికట్టు వేసుకుని, పైకి చూస్తూ పడుకుని ఉంది. గొంతు కొంచెం వచ్చింది. నేను రాగానే లేవబోయింది. వద్దన్నాను.

ఏమడగాలో తెలియక, అడగాల్సిందే అడిగాను. "భయమైతాది అని రాసినావు. మరి ఇంట్లో అవ్వకు ఎందుకు చెప్పలేదు? నాకే ఎందుకు రాసినావు?"

ఆ పిల్ల కాసేపు ఆలోచించింది. తరగతిలో జవాబు చెప్పేటప్పుడు ఆలోచించినట్టే.

"అవ్వకు చెప్తే ఏడుస్తాది మేడం, నీళ్ళకు పోనీదు. గొర్రిపిల్లలు సచ్చిపోతాయి. నాయన లేడు. మీకు చదవనొస్తాది కదా, చదివితే మీరే వస్తారులే అని రాసినా."

నిష్ఠూరంగా అనలేదు. మామూలుగా చెప్పింది, లెక్కకు జవాబు చెప్పినట్టు. నేను తల ఊపాను. తాగడానికి నీళ్ళు తెస్తానని సీసా తీసుకుని బయటికొచ్చాను. వరండా గోడకు ఆనుకున్నాను. అవ్వ పక్కన కింద కూర్చుండిపోయాను. చాలాసేపటి దాకా లోపలికి పోలేకపోయాను.